తక్కువ కరెంటుతో నడిచే సొంతిల్లు: ఉన్న డబ్బు ముందు ఎక్కడ పెట్టాలి?

కొత్తపునాది (ప్రశ్న):

120 చదరపు మీటర్ల ఒకే అంతస్తు ఇల్లు. కాంక్రీటు స్తంభాలు, దూలాలు, 150 మి.మీ. స్లాబ్. గోడలు 200 మి.మీ. ఏఏసీ (గాలి బుడగలతో తేలికగా ఉండే కాంక్రీటు) బ్లాకులు. పైన ఇంకో అంతస్తు ఎప్పటికైనా వేసుకునే వీలుండాలి. వేసవిలో ఎండ బాగా కాస్తుంది, చలికాలంలో రాత్రిళ్లు గదులు వెచ్చబెట్టుకోవాల్సి వస్తుంది. ప్లాన్ గీయడం అయింది, అనుమతికి ఇంకా పెట్టలేదు.

వస్తున్న సలహాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు. పైకప్పు మీద 200 మి.మీ. ఇన్సులేషన్ (వేడిని ఆపే పొర) వేయాల్సిందేనని ఒకరు, మూడు పొరల అద్దాల కిటికీలు పెడితే చాలని ఇంకొకరు, అవేవీ అక్కర్లేదు సోలార్ పెట్టేయండని మరొకరు. బడ్జెట్ ఇంతే, దాటే వీల్లేదు. అన్నీ చేయించలేను.

ఏది ముందు, ఏది తర్వాత? గాలి చొరబడకుండా ఇల్లు బిగిస్తే లోపల ఉక్కపోత, బూజు రావా? కాంట్రాక్టర్ చదరపు మీటరుకు ఇంత అని ఒకే రేటు చెబుతున్నారు, ఒప్పుకోవచ్చా? ప్లాన్ ఇప్పుడున్నట్టే అనుమతికి పెట్టేసి ఇన్సులేషన్ సంగతి తర్వాత చూసుకుంటే ఇబ్బంది ఉందా?

రసమట్టం:

ముందూ వెనకా తేల్చడానికి ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ పని పదేళ్ల తర్వాత ఇల్లు పగలగొట్టకుండా చేయించుకోగలమా? సోలార్ పలకలు, ఏసీలు, నీళ్లు కాచే హీట్ పంపు ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. ఇల్లు ఏ దిక్కుకు తిరిగి ఉంది, గోడలో ఏ పొరలున్నాయి, స్లాబ్ మీద ఏం పరిచారు, కిటికీ ఎంత పెద్దది, ఇవి ఒకసారి కప్పేశాక చేతికి రావు. డబ్బు ముందు కప్పేయబోయే పనికి వెళ్లాలి.

పైకప్పుతో మొదలుపెడదాం, మీ ఇంట్లో ఎక్కువ వేడి దిగేది అక్కడినుంచే. 150 మి.మీ. ఉత్త స్లాబ్ యు విలువ సుమారు 3.4, అంటే ఒక డిగ్రీ తేడాకు చదరపు మీటరు గుండా 3.4 వాట్లు పోతాయి. ఎండకు కాగి లోపలికీ బయటికీ 30 డిగ్రీల తేడా నిలబడితే 120 చదరపు మీటర్ల మీద 12 కిలోవాట్లు. దాని మీద 50 మి.మీ. ఎక్స్‌పీఎస్ (నీరు పీల్చని గట్టి నురుగు) పలక వేస్తే యు విలువ 0.57కు దిగుతుంది, 83 శాతం తగ్గినట్టు. 100 మి.మీ. వేస్తే 0.31, అంటే 91 శాతం. 150కి 94, 200కి 95. మొదటి 50 చేసిన మేలు ముందు చివరి 50 చేసేది దాదాపు లేనట్టే. 100 మి.మీ. దగ్గర ఆగి, మిగిలిన డబ్బు నీడకు పెట్టండి. చలి విపరీతంగా ఉండి నెలల తరబడి హీటర్ నడిచే చోటైతే ఈ లెక్క మారుతుంది, మీరు చెప్పిన వాతావరణానికి మారదు.

పొరల క్రమం: స్లాబ్, దానిమీద 80కి 1 వాలుతో స్క్రీడ్ (సిమెంటు మోర్టార్ పొర), వాటర్‌ప్రూఫింగ్, ఆ తర్వాతే ఎక్స్‌పీఎస్, నీటిని వడకట్టే జియోటెక్స్‌టైల్ గుడ్డ, చివరగా పరిచే పలకలు. వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక తూములు మూసి 48 గంటలు నీళ్లు నిలిపి చూడకుండా పై పొర వేయనివ్వకండి. ఇన్సులేషన్ కింద పడిన చిల్లు తర్వాత ఎక్కడుందో కనిపెట్టడం మహా కష్టం, నీరు ఒకచోట దిగి ఇంకోచోట కారుతుంది. ఈ పద్ధతిలో నీళ్లు పలకల కిందికి కూడా పోతాయి కాబట్టి నీరు పీల్చే ఈపీఎస్ (థర్మోకోల్) ఇక్కడ పనికిరాదు. రెండు 50లు ఒకదానిమీద ఒకటి వేయడం కన్నా అంచులు ఒకదానిమీదొకటి ఎక్కే ఒకే 100 మి.మీ. పలక మేలు, రెంటి మధ్య నీటి పొర నిలిచిపోయే బాధ ఉండదు. అంటించకుండా పరిస్తే మీరు పై అంతస్తు వేసే రోజున లేపి కొత్త కప్పు మీద వాడుకోవచ్చు కూడా.

కిటికీలు. పడమటి గోడలో 4 చదరపు మీటర్ల మామూలు అద్దం ఉందనుకోండి. సాయంత్రపు ఎండ చదరపు మీటరుకు 600 వాట్లు పడితే, అందులో 80 శాతం లోపలికొచ్చి 1.9 కిలోవాట్లు అవుతుంది. అదే అద్దం గుండా గాలి వేడి తేడా వల్ల వచ్చేది, 10 డిగ్రీల తేడాకు, 230 వాట్లు. మూడు పొరల అద్దం ముఖ్యంగా ఈ రెండోదాన్ని తగ్గిస్తుంది. మొదటిదాన్ని ఆపాల్సింది నీడ, అదీ అద్దానికి బయట. లోపల తెర వేస్తే వేడి అప్పటికే గదిలోకి వచ్చేసి ఉంటుంది. మధ్యాహ్నపు ఎత్తైన ఎండకు అడ్డంగా ఉండే సన్‌షేడ్ చాలు: 1.2 మీటర్ల కిటికీకి, సూర్యుడు 65 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు, 56 సెం.మీ. ముందుకు వస్తే అద్దం మొత్తం నీడలో ఉంటుంది. తూర్పు పడమరల్లో సూర్యుడు తక్కువ ఎత్తులో ఉండి ఎండ ఏటవాలుగా వస్తుంది, అక్కడ సన్‌షేడ్ ఎంత పెంచినా లాభం లేదు. కిటికీ చిన్నది చేయండి, లేదా బయట మూసే తలుపో నిలువు పలకలో పెట్టించండి. అద్దం మీకు రెండు పొరలది, లో-ఈ (వేడిని వెనక్కి పంపే పలుచని) పూతతో సరిపోతుంది.

గోడల సంగతికొస్తే, ఏఏసీ బ్లాకులే కాబట్టి వాటికి అదనంగా ఏమీ వేయకపోయినా నడుస్తుంది.

చెమ్మగోడ:

రసమట్టం గారు చెప్పిన పైకప్పు, నీడ లెక్కలు అక్షరాలా నిజం. గోడల దగ్గర మాత్రం ఒప్పుకోలేను.

200 మి.మీ. ఏఏసీ గోడ యు విలువ 0.76 ఉంటుంది, బాగానే ఉంది. కానీ గోడ మొత్తం బ్లాకులు కాదు. స్తంభాలు, దూలాలు, లింటెల్ (కిటికీ, తలుపుల పైన వచ్చే) పట్టీలు కలిసి 15 శాతం ఉన్నాయనుకోండి, మామూలుగా అంతకు తక్కువ ఉండవు. ఆ కాంక్రీటు యు విలువ 3.2. రెండూ కలిపి సగటు తీస్తే 1.13. అంటే గోడలో 15 శాతం ఉన్న కాంక్రీటు గుండానే 43 శాతం వేడి పోతోంది. బ్లాకులకు పెట్టిన డబ్బులో మంచి భాగం అక్కడ కరిగిపోతుంది.

ఇక చలికాలం. బయట 5 డిగ్రీలు, లోపల 20 ఉంటే బ్లాకు లోపలి ముఖం 18.5 దగ్గర ఉంటుంది, స్తంభం ముఖం 13.8కి పడిపోతుంది. గదిలో తేమ 60 శాతం ఉంటే, సుమారు 15.4 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న ఏ ఉపరితలం మీదైనా బూజు పట్టే పరిస్థితి వస్తుంది. అందుకే ఇళ్లలో బూజు గోడ మధ్యలో కాక మూలల్లో, దూలం వెంబడి, బీరువా వెనక కనబడుతుంది. దాన్ని రంగువేసి కప్పితే మళ్లీ వస్తుంది.

స్తంభాలనూ బ్లాకులనూ కలిపి బయటినుంచి 50 మి.మీ. ఈపీఎస్ తొడిగితే కాంక్రీటు దగ్గర 0.59, బ్లాకు దగ్గర 0.37, సగటు 0.4. స్తంభం లోపలి ముఖం 18.8కి వెచ్చబడుతుంది. మొత్తం గోడకు డబ్బు చాలకపోతే స్తంభాన్నీ దూలాన్నీ బయటి ముఖం నుంచి 50 మి.మీ. లోపలికి జరిపి, ఆ ఖాళీలో పలక పెట్టి, రెండు పక్కలా బ్లాకు మీదికి 150 మి.మీ. వరకు మెష్ సాగదీసి ప్లాస్టర్ చేయించండి. ఆ అతుకు దగ్గరే ప్లాస్టర్ చీలుతుంది కాబట్టి మెష్ వదలకూడదు. ఇది సెంట్రింగ్ వేయకముందే తేల్చాలి, పోత అయ్యాక జరపడానికి ఏమీ ఉండదు.

బిగిస్తే ఉక్కపోత వస్తుందా అన్నారు. ఇక్కడ రెండు సంగతులు కలిసిపోతున్నాయి. పగుళ్లలోంచి దూరే గాలి వేరు, మనం కావాలని తెచ్చుకునే గాలి వేరు. మొదటిది గాలి వీచినప్పుడు అతిగా వస్తుంది, గాలి లేని రోజున అసలు రాదు. మనిషికి గంటకు 30 ఘనపు మీటర్ల తాజా గాలి చొప్పున నలుగురికి 120 కావాలి. దాన్ని ఫ్యాన్‌తో, తెలిసిన దారిలో తెచ్చుకోవాలి. ఆ 120 ఘనపు మీటర్లు చలిలో 20 డిగ్రీల తేడాతో వస్తే 816 వాట్ల వేడి బయటికి పోతుంది. 80 శాతం వేడిని తిరిగి పట్టే వెంటిలేషన్ యంత్రం ఉంటే 160కి తగ్గుతుంది. బయటి గాలి బాగా తేమగా ఉండే కాలం ఎక్కువైతే తేమను కూడా మార్చుకునే రకం తీసుకోండి. యంత్రం ఇప్పుడు కొనలేకపోతే పైపుల దారులు, కరెంటు పాయింటు మాత్రం ఇప్పుడే వదిలిపెట్టండి.

బాత్‌రూమ్, వంటగది ఫ్యాన్ల గాలి ఇంటి బయటికే పోవాలి, ఫాల్స్ సీలింగ్ పైకి కాదు. ఒక హెచ్చరిక: బిగించిన ఇంట్లో గ్యాస్ గీజర్, కట్టెల పొయ్యి లాంటివి గది గాలితో మండితే ప్రాణాపాయం. వంటింటి ఫ్యాన్ వేయగానే ఆ పొగ గొట్టంలోంచి వెనక్కి రావచ్చు, అందులోని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. బయటి గాలి నేరుగా తీసుకుని బయటికే వదిలే రకం పెట్టండి, లేదా మంట లేనిది ఎంచుకోండి.

ఇటుక, బ్లాకు ఇంట్లో గాలిని ఆపేది లోపలి ప్లాస్టరే. అది నేల స్లాబ్ దాకా దిగాలి, ఫాల్స్ సీలింగ్ వెనక పైస్లాబ్ దాకా ఎక్కాలి. ఈ రెండు చోట్లా మేస్త్రీలు 10 సెం.మీ. వదిలేస్తారు, ఎలాగూ స్కర్టింగ్ (గోడ అడుగు పట్టీ) వస్తుంది, సీలింగ్ వస్తుందని. స్విచ్ పెట్టె వెనక బ్లాకు తొలిచిన గుంటను మోర్టార్‌తో నింపి పెట్టె దిగవేయాలి. లోపలినుంచి బయటికి వెళ్లే ప్రతి కండ్యూట్ (తీగల గొట్టం) నోరూ తీగలు లాగాక సీలెంట్‌తో మూయాలి.

బ్లోయర్ డోర్ పరీక్ష (తలుపులో ఫ్యాన్ బిగించి గాలి ఎంత కారుతోందో కొలిచేది) దొరికితే ఒకసారి కిటికీలు బిగించి ప్లాస్టర్ అయ్యాక, స్కర్టింగ్, సీలింగ్ పడకముందు చేయించండి. 50 పాస్కల్ ఒత్తిడిలో గంటకు ఇంటి గాలి ఎన్నిసార్లు మారుతోందో చెబుతుంది. పాసివ్ హౌస్ (అతి తక్కువ కరెంటుతో నడిచే ఇళ్ల) ప్రమాణం 0.6. మీకు 1.5 నుంచి 3 మధ్య వచ్చినా మంచి ఇల్లే. అంతా పూర్తయ్యాక ఒక్కసారే చేయిస్తే ఎంత కారుతోందో తెలుస్తుంది, బాగు చేసే దారి ఉండదు.

కొలతలపుస్తకం:

నేను డబ్బు వైపు నుంచి చెబుతాను.

చదరపు మీటరు రేటులో ఏమున్నాయో కన్నా ఏమి లేవో రాయించుకోండి. ప్రహరీ, నీటి తొట్టి, మురుగు కనెక్షన్, కరెంటు కనెక్షన్, అనుమతి రుసుములు, పునాది లోతు అనుకున్నదానికి మించితే అయ్యే తేడా సాధారణంగా బయటే ఉంటాయి. ఇన్సులేషన్ లాంటి అలవాటు లేని పని ఆ రేటులో ఇరికితే నాణ్యత తగ్గించుకునేది మొదట అక్కడే. పని వారీగా పరిమాణం, రేటు ఉన్న అంచనా పట్టిక తీసుకుని, చేసిన పని కొలిచి బిల్లు ఇచ్చే ఒప్పందం మీకు నయం. మీ దగ్గర కొలిచే మనిషి లేకపోతే మొత్తం ధర ఒప్పందం చేసుకోవచ్చు, అప్పుడు కూడా పట్టిక జతచేయాలి.

పట్టికలో మాటలు జాగ్రత్త. 'మంచి ఇన్సులేషన్ లేదా దానికి సమానమైనది' అని ఉంటే ఏదైనా సమానమే అవుతుంది. 'ఎక్స్‌పీఎస్, 100 మి.మీ., ఉష్ణ వాహకత 0.034 వాట్/మీ.కె. మించకూడదు, నొక్కుడు బలం 300 కిలోపాస్కల్' అని రాయండి. సైట్‌లో దిగిన కట్టల మీద లేబుల్ ఫోటో తీసి బిల్లుకు జతచేయమనండి.

టెండర్లు పోల్చేటప్పుడు మొత్తం అంకె ఒక్కటే చూడకండి. తవ్వకం, పునాది రేట్లు బాగా ఎక్కువ, తలుపులు, రంగులు, ఫిట్టింగుల రేట్లు బాగా తక్కువ ఉన్న అంచనా వస్తే అర్థం ఒకటే: డబ్బు ముందే చేతికి వచ్చేస్తుంది, చివరి పనులు పూర్తిచేసే ఆసక్తి పోతుంది. చెల్లింపు తేదీల ప్రకారం కాకుండా దశల ప్రకారం పెట్టండి. దశ పూర్తయిందనడానికి నిర్వచనం కూడా రాయండి. 'పైకప్పు పూర్తి' అంటే స్లాబ్ పోయడం కాదు, నీళ్లు నిలిపిన పరీక్ష నెగ్గి, ఇన్సులేషన్ పరిచి, కప్పకముందు తీసిన ఫోటోలు మీకు అందడం. ప్రతి బిల్లులో 5 నుంచి 10 శాతం ఆపి ఉంచండి. అలా ఆపిన దానిలో సగం ఇల్లు పూర్తయ్యాక, మిగతా సగం లోపాలు సరిచేసే గడువు ముగిశాక ఇవ్వాలి. ఆ గడువు ఒక వర్షాకాలం దాటాలన్నది నా పట్టు.

అనుకోని ఖర్చులకు 10 నుంచి 15 శాతం పక్కన పెట్టండి. ఇది మెరుగైన టైల్స్‌కు ఉంచిన డబ్బు కాదు. అసలు తెలియనిది నేల కిందే ఉంటుంది, అయినా పునాది దాటేసరికి ఇందులో సగానికి పైగా మిగిలి ఉండాలి. మట్టి పరీక్ష ముందే చేయిస్తే ఆ తెలియనిది చాలావరకు తగ్గుతుంది. పని నడుస్తుండగా మార్పు కావాలంటే ధర, గడువు కాగితం మీద రాసుకుని సంతకాలయ్యాకే మొదలుపెట్టాలి. నోటిమాట మార్పులతోనే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

ఇక అన్నిటికన్నా చవకైన ఆదా ప్లాన్ ఆకారంలోనే ఉంది. 120 చదరపు మీటర్లు 10 బై 12 దీర్ఘచతురస్రమైతే చుట్టుకొలత 44 మీటర్లు. అదే విస్తీర్ణం మూలలు, లోతులు పెట్టి 56 మీటర్లు చేస్తే బయటి గోడ 27 శాతం పెరుగుతుంది. పునాది, ప్లాస్టర్, ఇన్సులేషన్, రంగు, వాటితో పాటు వేడి కూడా. మీ ప్లాన్ ఇంకా కాగితం మీదే ఉంది కాబట్టి ఇది ఉచితంగా సరిదిద్దుకోవచ్చు.

కిటికీల ఆర్డరు ఆలస్యమైతే ప్లాస్టర్ ఆగుతుంది, ప్లాస్టర్ ఆగితే మనుషులు వేరే సైట్‌కు వెళ్లిపోతారు. కిటికీ కొలతలు లింటెల్ పడగానే తీసి ఆర్డరు పెట్టండి.

కొత్తపునాది:

చాలా కృతజ్ఞతలండీ అందరికీ. చెమ్మగోడ గారు చెప్పినట్టు బయట 50 మి.మీ. వేస్తే ప్లాస్టర్‌తో కలిపి గోడ 60 మి.మీ. దాకా బయటికి వస్తుంది. మా ప్లాన్‌లో ఒక పక్క సెట్‌బ్యాక్ (స్థలం హద్దు నుంచి వదలాల్సిన ఖాళీ) సరిగ్గా కనీస కొలతకే ఉంది. దాన్ని లెక్కేస్తారా? ఇంకొకటి, పిట్టగోడ, ముందువైపు బాల్కనీలా వచ్చే స్లాబ్ గురించి ఎవరూ చెప్పలేదు.

మూలమట్టం:

సెట్‌బ్యాక్ దగ్గరే ఎక్కువమంది దొరికిపోతారు. కొన్నిచోట్ల నిబంధనలు ఇన్సులేషన్ మందానికి మినహాయింపు ఇస్తాయి, కొన్నిచోట్ల పూర్తయిన గోడ బయటి ముఖం నుంచే కొలుస్తారు. మీ స్థానిక నిబంధనల్లో 'సెట్‌బ్యాక్ ఎక్కడినుంచి కొలవాలి' అన్న నిర్వచనం చూడండి. స్పష్టంగా లేకపోతే పూర్తయిన ముఖాన్నే లెక్కగా తీసుకుని ప్లాన్‌లో స్తంభాల వరుసను 60 మి.మీ. లోపలికి జరపండి. కాగితం మీద ఇది ఒక గీత. పునాది పడ్డాక అది సవరణ దరఖాస్తు, జరిమానా, ఒక్కోసారి కూల్చివేత. మేస్త్రీ వరుస తప్పి 20 మి.మీ. అటూ ఇటూ కావడం మామూలే కాబట్టి ఆ పక్క కనీస కొలతకు మించి 50 మి.మీ. అయినా వదలండి.

అందుకే మీ నాలుగో ప్రశ్నకు జవాబు: ఇప్పుడున్నట్టు పెట్టకండి. గోడ మందం, సన్‌షేడ్ ఎంత ముందుకొస్తుంది, పైకప్పు పొరల వల్ల పెరిగే ఎత్తు, ఏసీ, హీట్ పంపు బయటి యూనిట్లు ఎక్కడ, ఇవన్నీ అనుమతి పటంలో కనబడేవే. సన్‌షేడ్ సెట్‌బ్యాక్‌లోకి ఎంత రావచ్చో పరిమితి ఉంటుంది. 56 సెం.మీ. కుదురుతుందో లేదో చూసుకోండి. పై అంతస్తు వేసే ఉద్దేశం ఉంటే పునాది, స్తంభాల లెక్క ఆ బరువుకు చేసినట్టు స్ట్రక్చరల్ ఇంజినీర్ సంతకంతో ఇప్పుడే ఫైల్లో ఉండాలి. తర్వాత నిరూపించడానికి స్తంభం తవ్వి చూడాల్సి వస్తుంది.

ఇంధన నిబంధనలు ఉన్నచోట సాధారణంగా రెండు దారులుంటాయి. ఒకటి, గోడ ఇంత, కప్పు ఇంత, అద్దం ఇంత అని ఒక్కోదానికి గరిష్ఠ పరిమితి. రెండోది, ఇల్లు మొత్తానికి లెక్క కట్టి చూపడం. రెండోదానిలో ఒకచోట తగ్గినది ఇంకోచోట పూడ్చుకోవచ్చు, పెద్ద కిటికీలు కావాలనుకునేవారికి అదే దారి. కానీ అందులో పెట్టిన ప్రతి అంకెకూ మీరు కట్టుబడిపోతారు. మధ్యలో కాంట్రాక్టర్ అద్దం మార్చితే లెక్క మొత్తం మళ్లీ చేయాలి. చిన్న, సాదా ఇంటికి మొదటి దారే సుఖం.

పని మొదలయ్యాక తనిఖీ దశలు రాసిపెట్టుకోండి: పునాది గుంటలు, ఊచలు కట్టాక పోతకు ముందు, మురుగు పైపులు పూడ్చకముందు, చివరగా పూర్తి ధ్రువపత్రం. ఎన్ని రోజుల ముందు తెలపాలో నిబంధనలో ఉంటుంది. కాంక్రీటు బండి వచ్చే రోజును దాన్నిబట్టి పెట్టాలి గానీ, బండి బుక్‌చేశాక తనిఖీకి పరుగెత్తకూడదు. తనిఖీ లేకుండా పోసేస్తే పగలగొట్టి చూపమనే అధికారం సాధారణంగా తనిఖీ అధికారులకు ఉంటుంది. అనుమతికి గడువు తేదీ ఉంటుందని కూడా మరిచిపోకండి, అప్పు విడతలు ఆలస్యమై పని సాగితే ముందే పొడిగింపు అడగాలి.

రసమట్టం:

చెమ్మగోడ గారి లెక్క సరైనదే, స్తంభాలను నేను లెక్కలోకి తీసుకోలేదు. గోడల మీద నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. బడ్జెట్‌లో చోటు కావాలంటే మూడు పొరల అద్దం ఆలోచన వదిలేయండి, ఆ తేడా బయటి 50 మి.మీ.కు చాలావరకు సరిపోవచ్చు.

పిట్టగోడ: స్లాబ్‌లోంచి నేరుగా కాంక్రీటు పిట్టగోడ లేపితే అది ఎండలో నిలబడ్డ రేకులా వేడిని స్లాబ్ అంచులోకి లాగుతుంది. దాన్ని ఏఏసీ బ్లాకుతో కట్టండి, లోపలి ముఖానికీ పైకీ కూడా ఇన్సులేషన్ ఎక్కించండి. వాటర్‌ప్రూఫింగ్‌ను పలకల పైమట్టం దాటి మరో 150 మి.మీ. పిట్టగోడ మీదికి ఎక్కించాలి. పై అంతస్తు కోసం వదిలే స్తంభం ఊచలు వాటర్‌ప్రూఫింగ్‌ను చీల్చుకుని వస్తాయి, ఎక్కువ ఇళ్లలో కారేది అక్కడే. ఒక్కో స్తంభం చుట్టూ 300 మి.మీ. ఎత్తు కాంక్రీటు దిమ్మ పోసి, వాటర్‌ప్రూఫింగ్‌ను దానిమీదికి ఎక్కించి, ఊచలకు తుప్పు పట్టకుండా సిమెంటు పూత పూసి మూత వేయండి.

బాల్కనీ స్లాబ్ లోపలి స్లాబ్‌తో ఏకంగా ఉంటే మొత్తం వేడిని అటూ ఇటూ మోసే ఒక రెక్కలా పనిచేస్తుంది. చలిదేశాల్లో మధ్యలో స్టెయిన్‌లెస్ స్టీల్ ఊచలున్న ఇన్సులేషన్ ముక్క పెడతారు, ఖరీదు ఎక్కువ, ఇంజినీర్ లెక్క తప్పనిసరి. మీకు అంతకన్నా తేలిక దారి ఉంది: ముందువైపు కప్పును ఇంటినుంచి విడదీసి సొంత స్తంభాల మీద నిలబెట్టండి, మధ్యలో 50 మి.మీ. సందు వదిలి గోడ ఇన్సులేషన్‌ను తెగకుండా కిందికి దించండి. సందు మీద వాన పడకుండా గోడకు బిగించిన రేకు మడత చాలు.

సోలార్ ఇప్పుడు వద్దనుకుంటే కప్పు నుంచి మీటరు గది దాకా రెండు ఖాళీ కండ్యూట్లు, ఇన్వర్టర్‌కు నీడ ఉన్న గోడ, పలకల స్టాండ్లకు స్లాబ్‌తో పాటే పోసిన దిమ్మలు వదలండి. దిమ్మలు స్తంభాల మీదికి వచ్చేలా పెడితే పై అంతస్తు వేసేటప్పుడు అడ్డు రావు.